కలవని మూడో మాట

రిపోర్టు చేతికొచ్చింది. మంచిగానే వచ్చింది. శ్రీధర్ దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్ల మీద, వచ్చేపోయే జనం మధ్యలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. కిందటివారం కథ అక్కడ ఆగింది. ఎడమ రొమ్ములో ఏదో గట్టిగా తగలడం, సుచిత్ర దాన్ని కొన్నాళ్ళు ఎవరికీ చెప్పకుండా లోలోపలే నలిగిపోవడం, చివరికి ఎల్బీనగర్‌లో డాక్టర్ బిందుమాధవి చెయ్యి పెట్టి చూసి మాట తగ్గించడం, మామోగ్రామ్, స్కాన్, సూది పరీక్ష... ఇన్నిటి చివర కాగితం మీద ఒక్క వాక్యం: క్యాన్సర్ కణాలు కనిపించలేదు.

ఆ ఒక్క వాక్యం ఇంట్లో చేసిన హడావిడి అంతా ఇంతా కాదు.

శ్రీధర్ ఫోను పట్టుకుంటే చార్జింగ్ అయిపోయేదాకా వదల్లేదు. పోచంపల్లిలో మేనమామకు, హయత్‌నగర్‌లో స్నేహితుడికి, తన చీరల దుకాణానికి నేసి పంపే వాళ్ళకు, ఆఖరికి ఎదురు దుకాణం చెప్పుల షాపాయనకు కూడా చెప్పాడు. అసలు భార్యకు ఫలానా చోట గడ్డ ఉందని వాళ్ళలో సగం మందికి తెలియనే తెలియదు. లేదన్న కబురుతో పాటే ఉందన్న కబురూ చేరింది. సుచిత్ర చైతన్యపురిలో జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్. స్టాఫ్‌రూములో అడుగు పెట్టగానే ఇద్దరు లేచి వచ్చి చేతులు పట్టుకున్నారు. ఒకామె గడ్డలకు వాముపొడి మంచిదంది. ఇంకొకామె బిగుతు జాకెట్లు మానెయ్యమంది.

అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి ఆడబిడ్డ మాలతి దూద్ పేడా డబ్బాతో దిగింది. "నేను అప్పుడే చెప్పలేదా? అది వేడి గడ్డ. ఉత్తగ పరేషాన్ అయిన్రు" అంటూ తనే నాలుగు పేడాలు తిన్నది. అత్తగారు మల్లమ్మ యాదగిరిగుట్టకు మొక్కుకున్న మొక్కు ఎప్పుడు తీర్చాలో పంచాంగం చూస్తూ కూర్చుంది.

అందరూ సంతోషంగా ఉన్నారు. సుచిత్రకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది. పొద్దున స్నానం చేస్తుంటే చెయ్యి దానంతటదే అక్కడికి పోతోంది. గడ్డ అక్కడే ఉంది. రిపోర్టు చదువుకుని కరిగిపొమ్మని దానికెవరూ చెప్పలేదు మరి.

"డాక్టరమ్మకు ఫోటో పంపిస్త, అయిపోతది" అన్నాడు శ్రీధర్.

"చూపించుమన్నది. పోయి చూపిద్దాం."

"మంచిగున్నదాన్ని ఏం చూపిస్తవ్?"

"నువ్వు రాకుంటే నేనే పోత."

అలా అనేసరికి ముగ్గురూ బయల్దేరారు. మల్లమ్మ దుకాణంలోంచి మంచి చీర ఏరి తెచ్చింది. మెరూన్ రంగు, ఏనుగుల అంచు, అసలైన ఇక్కత్. డాక్టరమ్మకు పెట్టాలట. మెట్రోలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పక్కన కూర్చున్న ఆమెకు నూలుకు రంగు ఎట్లా అద్దుతారో చెప్తూ వచ్చింది.

డాక్టర్ బిందుమాధవిది భీమవరం వైపు. వచ్చి పాతికేళ్ళు కావస్తున్నా మాటలో ఆ సాగతీత పోలేదు. పొట్టిగా ఉంటుంది. కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే. రిపోర్టు తీసుకుని కళ్ళజోడు దించి చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. శ్రీధర్ నవ్వుమొహంతో ఎదురుచూశాడు. మల్లమ్మ చీర కవరు బల్ల మీదికి జరిపింది.

"అమ్మా, ఇప్పుడు కాదండి ఇది" అని డాక్టర్ కవరును మెల్లిగా పక్కకు పెట్టింది. "సుచిత్ర గారూ, ఒకసారి లోపలికి రండి. మళ్ళీ చూస్తాను."

"మళ్ళెందుకు మేడం? రిపోర్టు మంచిగొచ్చింది గద?" శ్రీధర్ అన్నాడు.

"కూర్చోండి. ఐదు నిమిషాలు."

తెర వెనక బల్ల మీద సుచిత్ర కూర్చుంది. ఊరికే చేతులు దించి ఉంచమంది డాక్టర్. తర్వాత నడుము మీద పెట్టి నొక్కమంది. తర్వాత పైకెత్తమంది. చేతులు పైకి లేచినప్పుడు ఆమె చూపు ఒక చోట ఆగడం సుచిత్ర గమనించింది. తనూ వంగి చూసుకుంది. గడ్డ ఉన్నచోట చర్మం సన్నగా లోపలికి గుంజుకుంటోంది, దిండుకు కుట్టేసి లాగినట్టు. ఇంట్లో అద్దం ముందు చేతులెత్తి చూసుకోవాలని ఆమెకెప్పుడూ తోచలేదు. తర్వాత పడుకోబెట్టి, ఎడమ చెయ్యి తల కింద పెట్టించి, మూడు వేళ్ళ మెత్తని భాగంతో చుట్టూ చూసుకుంటూ వచ్చింది. గడ్డను పట్టుకుని అటూ ఇటూ కదిపి చూసింది. అది కదల్లేదు. చంక కిందా, మెడ పక్కనా చూసింది. అవతలి వైపు కూడా అంతే ఓపికగా చూసింది.

"నొప్పి ఉందా?"

"లేదు."

"సరే, బట్టలు సర్దుకుని రండి."

బయటికొచ్చాక చేతులు కడుక్కుంటూనే చెప్పేసింది. "సూది పరీక్ష మళ్ళీ చెయ్యాలండీ."

 ముగ్గురూ ఒక్కసారే మాట్లాడారు. అందరికన్నా శ్రీధర్ గొంతు పెద్దది.

"ఏంది మేడం గిది? లేదని వాళ్ళే రాసిచ్చిన్రు. మీకేమో ఉందని తేలేదాక మనసొప్పుతలేదా?"

డాక్టర్ కోపం తెచ్చుకోలేదు. కుర్చీలో కూర్చుని మూడు వేళ్ళు చూపించింది.

"ఇలాంటి గడ్డని మేం మూడు రకాలుగా చూస్తామండి. ఒకటి నా కళ్ళూ చెయ్యీ. రెండోది మామోగ్రామ్, స్కాన్. మూడోది సూదితో తీసిన ముక్క. మూడూ ఒకే మాట చెప్తే నేను నిశ్చింతగా ఇంటికి పంపించేస్తాను. ఇక్కడ మొదటి రెండూ అనుమానంగా ఉందంటున్నాయి. మూడోది ఒక్కటే ఏం లేదంటోంది. మాట కలవట్లేదు."

"మూడోదే గద లోపలికెళ్ళి చూసింది? గదే కరెక్ట్ గావాలె."

"ముక్క గడ్డలోదైతే కరెక్టే."

"అంటే?"

"ఇందులో ఏం రాశారో చూడండి. మామూలు కొవ్వు, మామూలు కండ. రాసినాయన తప్పేం రాయలేదు. ఆయనకి పంపిన ముక్కలో ఉన్నదే రాశాడు. నా వేళ్ళకి రాయిలా తగులుతున్న గడ్డలోంచి తీస్తే మెత్తని కొవ్వు ఎలా వస్తుందండీ? సూది గడ్డలోకి వెళ్ళిందా, పక్కనించి వెళ్ళిందా? నా అనుమానమంతా అది."

మల్లమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. "డాక్టరమ్మా, నేను చదువుకోలే గని ఒక మాట చెప్త. దాన్ని గెలుకొద్దు. సూదితోని పొడిస్తే గడ్డకు కోపమొస్తది. ఒంటి నిండ పాకుతది. మా దిక్కు అందరు గట్లనే అంటరు."

"అలా పాకదమ్మా. చాలామందికి చేశాం, చేస్తూనే ఉన్నాం. అది ఏంటో తెలుసుకోకుండా ఊరుకుంటేనే ప్రమాదం."

"మీరు గట్లనే అంటరు."

సుచిత్రకు తల పగిలిపోతోంది. ఒకవైపు మొగుడు, ఇంకోవైపు అత్త. ఇద్దరూ తన ఒంటి గురించి వాదిస్తున్నారు, తను అక్కడ లేనట్టే. ఎదురుగా డాక్టరు చూస్తే అవుననదు, కాదనదు. ఇన్ని రోజులుగా బిగబట్టుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"జర అందరు ఆగుతరా?" అని అరిచింది. బయట వరసలో కూర్చున్నవాళ్ళకు కూడా వినపడే ఉంటుంది. "మేడం, సుట్టు తిప్పకుండ ఒక్క మాట చెప్పండి. నాకుందా, లేదా?"

"తెలీదండీ" అంది బిందుమాధవి.

"తెల్వదా?"

"తెలీదు. ఉందని అనుమానపడుతున్నాను. లేకపోతే అందరికన్నా ఎక్కువ సంతోషించేదాన్ని నేనే. కానీ తెలిసినట్టు మాట్లాడి మిమ్మల్ని ఇంటికి పంపించడం నా వల్ల కాదు."

సుచిత్రకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆ కోపంలోనే, ఎందుకో, కాలేజీ ల్యాబ్ గుర్తొచ్చింది. ఏటా ఇదే గొడవ ఆమెకు. బ్యూరెట్ రీడింగులు మూడూ కలిసేదాకా మళ్ళీ మళ్ళీ చెయ్యండర్రా అని గొంతు పోయేలా చెప్తుంది. పిల్లలు వినరు. మూడింట్లో తమకు కావలసిన జవాబు ఏ అంకె ఇస్తుందో దాన్ని రాసేసి బ్యాగు సర్దుకుంటారు. "నీకు నచ్చిందని రాస్తవా? మల్ల చెయ్యిపో" అని రికార్డు వాళ్ళ మొహాన కొట్టే మనిషి తను. ఇప్పుడు ఇంటిల్లిపాదీ కలిసి నచ్చిన అంకెను పట్టుకుని పేడాలు పంచుకున్నారు. తనూ ఒకటి తిన్నది.

"మళ్ళ చేయించుకుంట" అంది.

"సుచిత్రా!" అన్నాడు శ్రీధర్.

"నువ్వు ఆగు."

డాక్టర్ తలూపింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది. "ఆ రోజు సూది వేసేప్పుడు పక్కన స్కాన్ తెర పెట్టుకుని చూస్తూ చేశారా?"

సుచిత్ర ఆలోచించింది. చిన్న గది. గోడకు ఫ్యాను. చేతికి గ్లవుజులేసుకుంటూ క్రికెట్ సంగతి ఎవరితోనో మాట్లాడుతున్న మనిషి. గడ్డను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, ఊపిరి బిగబట్టమని, సూది దించాడు.

"తెర లేదు మేడం. చేత్తోనే పట్టుకుని చేసిన్రు."

"స్కాన్ చూస్తూనే చెయ్యమని నేను స్పష్టంగా చెప్పాను కదండీ? అందుకే ఈ అంతస్తులోనే ఇంద్రాణి గారి దగ్గర చేయించుకోమన్నాను. వేరేచోట ఎందుకు చేయించారు?"

"ఇక్కడ టైము దొరకలేదని..." అంటూ సుచిత్ర మొగుడి వైపు తిరిగింది. ఆ మాట తనకు చెప్పింది ఆయనే.

శ్రీధర్ బల్ల మీది చీర కవరునే చూస్తున్నాడు. దాని మూల మడత పెడుతున్నాడు, విప్పుతున్నాడు.

"శ్రీధర్."

"ఇక్కడ స్కాన్ మేడం శుక్రవారం దాక రాదన్నరు" అన్నాడు చివరికి. గొంతులో ఇందాకటి జోరు లేదు. "అన్ని రోజులు ఎట్ల ఆగాలె? మన దుకాణం కాడ మధు లేడా, ఆయన తెలిసినోళ్ళ ల్యాబు ఉంది, పోంగనే చేస్తమన్నరు. అక్కడ గూడ స్కాన్ మిషన్ ఆ రోజు ఖాళీ లేదట. గడ్డ చేతికి దొరుకుతనే ఉంది గద, చేసెయ్యమంటరా అని అడిగిన్రు. చెయ్యండి అన్న."

"నువ్వన్నవా?"

"నేనే అన్న."

"నన్ను అడగకుండ?"

"నిన్ను చూస్తే నాకు భయమైతుండె సుచిత్రా. అన్నం తింటలేవు. కూరలో ఉప్పు వేసి మళ్ళ వేస్తవు. గా పని జల్ది అయిపోతే చాలనుకున్న."

సుచిత్ర మొగుణ్ణి చూసింది. ఇరవై ఏళ్ళుగా చూస్తున్న మొహం. దుకాణంలో చీర రంగు గురించి ఎవరైనా కొనేవాళ్ళు పేచీ పెడితే గంటసేపు నవ్వుతూ నిలబడగలడు. ఇంట్లో ఎవరికన్నా జ్వరమొస్తే మాత్రం ఒక పూట ఆగలేడు. ప్రేమ లేక చేసిన పని కాదది. అది తెలియబట్టే ఇంకా చిరాకుగా ఉంది. కోప్పడదామంటే పూర్తిగా కోపమూ రాదు, పోనీలే అందామంటే నోరూ రాదు.

"నీ భయానికి నేను రెండుసార్లు పొడిపించుకోవాలె" అంది.

శ్రీధర్ కళ్ళు తుడుచుకున్నాడు. సుచిత్ర చూడనట్టు లేచింది.

మర్నాడు శుక్రవారమే కావడంతో పొద్దున్నే పిలిచారు. ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సుల హారన్లు మూడో అంతస్తు దాకా వినిపిస్తున్నాయి. స్కాన్ డాక్టర్ ఇంద్రాణి మాట తక్కువ మనిషి. చల్లటి జెల్లు రాసి, తెరను సుచిత్ర వైపు కూడా తిప్పింది.

"చూడాలనుందా? కొందరు వద్దంటారు."

"చూస్త."

బూడిదరంగు పొరల మధ్య ఒక నల్లటి మచ్చ. గుండ్రంగా లేదు. అంచులు నీళ్ళలో సిరా చుక్క పడ్డట్టు అటూ ఇటూ సాగి ఉన్నాయి. ఇన్నాళ్ళూ వేళ్ళకు తగిలినదాన్ని కళ్ళతో చూడటం ఇదే మొదటిసారి. మత్తు సూది చురుక్కుమంది. కాసేపటికి అక్కడ తన ఒళ్ళు తనది కానట్టయింది. తర్వాత అసలు సూది. తెర మీద సన్నని తెల్ల గీత పక్కనుంచి మెల్లగా జరుగుతూ వచ్చి నల్లమచ్చ అంచు దగ్గర ఆగింది.

"పెద్ద చప్పుడొస్తుంది, కదలకండి."

స్టేప్లర్ కొట్టినట్టు టప్పుమంది. తెల్లగీత నల్లమచ్చ మధ్యలోకి దూరింది.

"చూశారా, లోపలే ఉంది" అంది ఇంద్రాణి. ఇలాగే ఇంకో నాలుగుసార్లు తీసింది. ప్రతిసారీ ముందు చూపించి, తర్వాతే కొట్టింది. చిన్న సీసాలో సన్నని సేమియా పోగుల్లాంటి ముక్కలు అడుక్కి దిగాయి. పోయినసారి ముక్కలు పైనే తేలాయని సుచిత్రకు గుర్తొచ్చింది. కొవ్వు తేలుతుంది. కెమిస్ట్రీ చెప్పే తనకు ఆ రోజే ఎందుకు తట్టలేదా అని తన మీద తనకే విసుగేసింది.

ఇక ఏ మాటైనా రానీ, అది గడ్డ చెప్పిన మాటే అవుతుంది. ఎందుకో ఆ ఆలోచనకు ఊపిరి తేలిగ్గా ఆడింది. చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

రిపోర్టు వచ్చేవారం. దూది మీద అరచేత్తో నొక్కి పట్టుకుని కాసేపు బయట కూర్చోమన్నారు. వరండాలో బెంచీ మీద మల్లమ్మ ఒక్కతే ఉంది. శ్రీధర్ చాయ్ తేవడానికి కిందికి పోయాడట. నిన్నటినుంచి ఎవరూ అడగకముందే అన్నీ తెస్తున్నాడు.

"అయిందా బిడ్డా?"

"అయింది అత్తమ్మా."

"మళ్ళ పొడిచిన్రా?"

"పొడిచిన్రు."

మల్లమ్మ నిట్టూర్చింది. "చెప్తే ఇనరు. ఉన్నదాన్ని ఉండనిస్తే దాని పాటికది పడి ఉంటది. గెలికి గెలికి తెచ్చుకుంటరు."

"అత్తమ్మా, ఇప్పుడు నాతోని కాదు."

"నీ మంచికే చెప్తున్న. గెలుకకపోతే ఏం గాదు."

సుచిత్రకు మత్తు దిగుతోంది. సలుపు మొదలైంది. ఇన్ని రోజుల సలహాలూ, వాముపొడీ, వేడి గడ్డలూ, పేడాలూ అన్నీ కలిసి గొంతులోకి వచ్చాయి.

"ఏం గాదని నీకెట్ల తెలుసు? ఎవరికి గాలేదు? ఒక్కల పేరు చెప్పు. ఒక్కలు గెలుకకుండ ఊకున్నోళ్ళు, మంచిగున్నోళ్ళు. చెప్పు."

"నేను లేనా?" అంది మల్లమ్మ రోషంగా.

"నువ్వేంది?"

"నాకు లేదా? రెండేండ్ల సంది లేదా? వక్కంత ఉంటుండె, ఇప్పుడు నిమ్మకాయంత అయింది. ఎవరికన్న చెప్పిన్నా? ఎవరితోనన్న పొడిపించుకున్ననా? ఏమైంది నాకు? మంచం పట్టిన్నా? మొన్న ఒక్కదాన్నే గుట్ట మెట్లన్ని ఎక్కలే?"

 వాదన గెలిచానన్న ధీమా మల్లమ్మ మొహంలో స్పష్టంగా కనిపిస్తోంది.

"ఎక్కడ అత్తమ్మా?"

"ఇగో, కుడి దిక్కు." కొంగు సర్దుకుంటూ గొంతు కొంచెం తగ్గించింది. "నొప్పి లేదు ఏం లేదు. పోయిన నెల సంది జర ఎర్రగ నీరు కారుతుంది, రైకకు అంటుకుంటుంది. పసుపు పెడుతున్న. అంతే."

రెండు గదుల అవతల డాక్టర్ బిందుమాధవి తలుపు సగం తెరిచి ఉంది. లోపలెవరికో ఆమె నిదానంగా చెప్తున్న మాటలు వినిపిస్తున్నాయి. సుచిత్ర ఒక చేత్తో దూదిని అలాగే నొక్కి పట్టుకుని, రెండో చేత్తో అత్త మణికట్టు అందుకుని లేచింది.

"ఏందే, ఎటు గుంజుతున్నవ్? నేను రాను. వాడికి చెప్పినవంటే నా మీద ఒట్టే!"

లిఫ్టు తలుపు తెరుచుకుంది. శ్రీధర్ మూడు చాయ్ కప్పుల్ని రెండు చేతుల్లో ఒలకకుండా పట్టుకుని వస్తున్నాడు. తల్లినీ భార్యనూ చూశాడు. భార్య చేతిలో బిగిసిన తల్లి చెయ్యి చూశాడు. నడక ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు. "సుచిత్రా, ఏమన్నరు? ఏమైంది?"

మల్లమ్మ గోళ్ళు కోడలి చేతి మీద గుచ్చుకున్నాయి. సుచిత్ర నోరు తెరిచింది.